తాగొచ్చావా అని అరిచాడు, నేనేం అనాలి?

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, నడిస్తే తూలినట్టు ఉంటుంది, మాట కొంచెం ముద్దగా వస్తుంది, అంతే, జాబ్ చేసుకుంటున్నా. పోయిన వారం బస్సు ఎక్కుతుంటే మెట్టు మీద బ్యాలెన్స్ తప్పింది, వెనకాలాయన "పొద్దున్నే తాగొచ్చి మా ప్రాణం తీస్తావేంట్రా" అని అరిచాడు. కాదండీ అని చెప్పబోతే నా మాట విని ఇంకా ఖాయం చేసుకున్నాడు, చూశారా నాలిక మడత పడుతోంది అని. ఇద్దరు నవ్వారు, ఒకడు ఫోన్ తీశాడు. నేను దిగిపోయా. అప్పట్నుంచి రోజూ గంట ముందు బస్సుకి వెళ్తున్నా. ఇంట్లో చెబితే పట్టించుకోకు అంటారు. అలాంటప్పుడు ఏం అనాలి?

జవాబు: తమ్ముడూ, ఆ "పట్టించుకోకు" నేను నలభై ఏళ్లుగా వింటున్నా. నాకు ఎడమకాలు పోలియో, చంకలో కర్ర. పట్టించుకోకు అనేవాళ్లకి మన మీద ప్రేమే, కాదనను, కానీ నవ్విన ఇద్దరినీ వదిలేసి మనకి డ్యూటీ వేస్తారు చూడు, అదే నాకు మంట.

ఏం అనాలి అన్నావు. ముందు నిజం చెప్తా, ఆ టైమ్‌కి నాకూ ఏమీ రాదు, రాత్రి పడుకున్నాక మాత్రం ఒక్కో డైలాగ్ దంచేస్తా. నీకు ఇంకో చిక్కు ఉంది, టెన్షన్ పడితే కండరాలు ఇంకా బిగుసుకుంటాయి, మాట ఇంకా ముద్దవుతుంది, అంటే వివరించాలని చూసేకొద్దీ వాడి అనుమానానికే బలం. అందుకే పెద్ద వివరణ వద్దు. ఒక్క వాక్యం ముందే పెట్టుకో, ఇంట్లో నోటికి అలవాటయ్యేదాకా అను. "నా నడకే ఇంత." నాకైతే ఇది చాలు. పొట్టిగా ఉంటుంది, క్షమాపణ లేదు, తిట్టూ లేదు.

ఇంకొకటి, ఫోన్ లాక్ స్క్రీన్ మీద "నాకు సెరిబ్రల్ పాల్సీ ఉంది, తాగలేదు" అని పెద్దక్షరాల్లో పెట్టుకోవచ్చు. మనం ఎవడికో సర్టిఫికెట్ చూపించాలా అని మనవాళ్లే కొందరు నన్ను తిడతారు ఈ మాటకి. అరిచినవాడికి అస్సలు చూపించకు. అది డ్రైవర్‌కి, పోలీసుకి, నిన్ను దింపేసే పవర్ ఉన్నవాళ్లకి.

అసలు నీ ఉత్తరంలో నన్ను కలుక్కుమనిపించింది అరిచినవాడు కాదు, మిగతా బస్సు. అంతమందీ చెడ్డవాళ్లా అంటే కాదు. 1968లో డార్లీ, లటానే అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు, ఇంటర్‌కామ్‌లో ఒక మనిషికి ఫిట్స్ వస్తున్నట్టు వినిపిస్తుంది. నేనొక్కడినే వింటున్నా అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఫిట్స్ ఆగేలోపే సాయం కోసం లేచి వెళ్లారు, ఇంకో నలుగురు వింటున్నారు అనుకున్నప్పుడు 31 శాతమే. అందరూ ఎవరో ఒకరు లేస్తారులే అనుకుంటారు. కాబట్టి "ఎవరైనా చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. ఒక మనిషిని పట్టుకో, కళ్లలోకి చూసి "నీలం చొక్కా అన్నా, కాస్త నా పక్కన నిలబడండి" అను. నేను ఒకసారి లైన్లో ఒకావిడని అలాగే అడిగా, ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు, బ్యాగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వచ్చి నా కర్ర పక్కన నిలబడింది, అంతే, అప్పటిదాకా రెచ్చిపోతున్నవాడు సెల్ చూసుకోవడం మొదలెట్టాడు.

చెయ్యి వేసినా, వెంటపడినా మాత్రం ఈ కబుర్లేం వద్దు, వాడికి బుద్ధి చెప్పడం నీ పని కాదు, సిబ్బంది దగ్గరికో జనం ఉన్న చోటికో వెళ్లిపో. తర్వాత టైము, బస్సు నంబరు, అన్న మాట అన్నట్టే రాసి పెట్టుకో, మర్నాటికి మాటలు మారిపోతాయి. చాలా దేశాల్లో దీనికి చట్టం ఉంది, భారత్‌లో అయితే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్, నలుగురి ముందు కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. కంప్లైంట్ ఇచ్చిన ప్రతిసారీ పని అవుతుందని చెప్పను. కాయితం మీదైనా అది నేరం అని తెలిస్తే మనకి నడుం నిలబడుతుంది.

ఇలాంటివాళ్లు బయటికెందుకు వస్తారు అనే మాట ఈనాటిది కాదులే. షికాగోలో 1881లో ఏకంగా రూల్ పెట్టారు, అంగవైకల్యం ఉన్నవాళ్లు వీధుల్లో జనం కంట పడితే జరిమానా అని, 1974 దాకా అది పుస్తకాల్లో అలాగే ఉంది. నీ వెనకాలాయన చేతిలో ఆ రూలు లేదు, గొంతు ఒక్కటే ఉంది.

పిల్లలు తేరిపార చూస్తే, అడిగితే, అది వేరు, ఓపిక ఉంటే చెప్పు, లేకపోతే నవ్వి ఊరుకో.

ఇక ఆ గంట. అది నీ నిద్ర తమ్ముడూ. రేపే పాత బస్సు ఎక్కేయమనను, ముందు రెండు రోజులు ఆఫీసులో ఎవరినైనా తోడు అడుగు, డ్రైవర్ వెనక సీటు చూసుకో, ఎక్కేటప్పుడే ఆయనకి ఒక మాట చెప్పి పెట్టు. మళ్లీ ఎవడైనా ఏదైనా అని నువ్వు నోరు తెరవలేకపోయినా ఓడిపోయినట్టు కాదు, పోయిన నెల నేను కూడా అలాగే నోరు మూసుకుని వచ్చేశా, కాకపోతే నా స్టాపు వచ్చేదాకా దిగలేదు.