కాకుమాకు వెళ్తున్న మా బుజ్జికి

బుజ్జీ,

కెన్యాలోని కాకుమా శరణార్థుల క్యాంపులో పనికి నువ్వు సెలెక్ట్ అయ్యావని తెలిసిన రోజు నుంచి మీ నాన్న నాకు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. అక్కడ నీళ్ళు ఎలా ఉంటాయక్కా, ఆస్పత్రి ఎంత దూరమక్కా, ఆడపిల్ల ఒక్కతే ఎలా ఉంటుందక్కా అని. వాడి భయం వాడిది. నువ్వేమో పెట్టెలో ఏం సర్దుకోవాలో లిస్ట్ పంపమన్నావు. పంపుతాను. కానీ దానికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. 2014లో నేను కాకుమాలో దిగినప్పుడు ఇది నాకెవరూ చెప్పలేదు. సొంతంగా తెలుసుకునేసరికి ఆర్నెల్లు పట్టింది.

అక్కడ నువ్వు వెనక్కి రాగలిగిన మనిషివి. నీ దగ్గర పాస్‌పోర్టు ఉంటుంది, తిరుగు టికెట్ ఉంటుంది. నీ చుట్టూ ఉండే రెండు లక్షల మందికి పైగా శరణార్థులకు అవి లేవు. సూడాన్ యుద్ధం నుంచి తప్పించుకుని నెలల తరబడి నడిచి వచ్చిన మగపిల్లల కోసం 1992లో మొదలుపెట్టిన క్యాంపు అది. కొన్నాళ్ళకే అనుకుని వేసిన గుడిసెల్లో పుట్టిన పిల్లలు అక్కడే పెద్దవాళ్ళయ్యారు. అనుమతి కాగితం లేకుండా వాళ్ళు క్యాంపు దాటి నైరోబీ వెళ్ళలేరు. నువ్వు ఏడాది కాగానే వచ్చేస్తావు, వాళ్ళు అక్కడే ఉంటారు. ఏ పని చేసేటప్పుడైనా ఇది మనసులో ఉంచుకో. నేను రాసేదంతా దీని గురించే.

నేను చేసిన పెద్ద తప్పు ఒక్క మాటతో జరిగింది. 2013 డిసెంబర్‌లో దక్షిణ సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక నాడపాల్ సరిహద్దు దాటి జనం ఆగకుండా వస్తున్న రోజులవి. పిల్లల పోషకాహార కేంద్రంలో నాది నర్సు పని. ఒకావిడ బిడ్డను చూపించుకోవడానికి వచ్చి, క్యాంపులో ఇంకో మూలన ఉన్న తన చెల్లెలి పేరు తన రేషన్ కార్డులో రాయించమని అడిగింది. అది నా చేతిలో లేని పని, రిజిస్ట్రేషన్ వాళ్ళది. మన దగ్గర కాని పని ఎవరైనా అడిగితే "చూస్తాను" అంటాం కదా, అలాగే అన్నాను. మన ఊళ్ళో ఆ మాటకు అర్థం అనేవాళ్ళకూ తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు. నా దుబాసీ దాన్ని ఉన్నదున్నట్టు ఆమె భాషలో చెప్పాడు. మర్నాటి నుంచి ఆవిడ రోజూ పొద్దున్నే మా కంచె దగ్గరకు వచ్చి నిలబడింది. బిడ్డను మళ్ళీ చూపించుకోవడానికి వస్తోందనుకున్నాను. ఎనిమిదో రోజు దుబాసీ నన్ను పక్కకు పిలిచి, "మీరు చూస్తానన్నారట, ఏమైందని అడుగుతోంది" అన్నాడు.

రెంటచింతల ఎండ తెలుసు కదా, అక్కడా ఏడాదంతా మండే ఎండే. బిడ్డను చంకనేసుకుని ఆ ఎండలో ఎనిమిది రోజులు నడిచింది ఆ తల్లి. "అది నా వల్ల కాదమ్మా, ఫలానా ఆఫీసుకు ఫలానా రోజు వెళ్ళు" అని మొదటి రోజే చెప్పి ఉంటే సరిపోయేది. అందుకని కాదని చెప్పడం నేర్చుకో. మెత్తగా చెప్పు, కానీ మొదటి రోజే చెప్పు. ఏ ఆఫీసు, ఏ రోజు, ఏ కాగితం కావాలి, ఇవన్నీ నువ్వు కనుక్కుని పెట్టుకుంటే చాలామందికి చెప్పులరిగేలా తిరిగే బాధ తప్పుతుంది.

ఆ దుబాసీ గురించి ఇంకా చెప్పాలి. తన దేశంలో అతను స్కూలు మాస్టారు. కెన్యాలో శరణార్థులకు మామూలు ఉద్యోగాలు దొరకడం చాలా కష్టం. అందుకని సంస్థలు వాళ్ళను పనిలో పెట్టుకుని 'ఇన్సెంటివ్' అనే పేరుతో కొద్దిపాటి డబ్బు ఇస్తాయి. నాకు వచ్చే వాలంటీరు అలవెన్సుతో ఇక్కడ ఇల్లు కట్టలేం గానీ, అతనికి వచ్చేదానికి అది ఎన్నో రెట్లు. పని మాత్రం అతనిదే ఎక్కువ. పిల్లలు ఎంత చిక్కిపోయారో తెలుసుకోవడానికి దండచెయ్యికి టేపు చుట్టి కొలవడం నాకు కాలేజీలో నేర్పారు. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే ఎరుపు, 12.5 వరకు పసుపు, ఆపైన ఆకుపచ్చ. కానీ రోజుకు వందమంది పిల్లలు ఏడుస్తుంటే ఎలా కొలవాలో నేర్పింది అతను. తల్లి ఒళ్ళోనే ఉంచాలి, ఎడమచెయ్యి వదులుగా వేలాడాలి, టేపు కింద చర్మం ముడతపడకూడదు, అలాగని టేపుకూ చర్మానికీ మధ్య సందు ఉండకూడదు. రెండు మిల్లీమీటర్ల తేడాతో ఒక బిడ్డకు మందు లాంటి ఆ వేరుశనగ ముద్ద పొట్లాలు దక్కుతాయి, లేదా దక్కవు.

అతని డబ్బుకూ నా డబ్బుకూ ఉన్న తేడాను నేను తీర్చలేకపోయాను, నువ్వూ తీర్చలేవు. చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అతనిలాంటివాళ్ళు చెప్పిన విషయాన్ని మీటింగులో నీ సొంత మాటలా చెప్పకు. రిపోర్టులో వాళ్ళ పేర్లు రాయి. ట్రైనింగ్ ఏదైనా వస్తే ముందు వాళ్ళను పంపమని అడుగు. ఆ సర్టిఫికెట్ నీకు గోడకు తగిలించుకోవడానికి పనికొస్తుంది, వాళ్ళకు రేపు ఇంకో దేశంలో ఉద్యోగం అడగడానికి పనికొస్తుంది. నువ్వు వచ్చేశాక ఆగిపోయే పని ఏదీ మొదలుపెట్టకు. నేను బుధవారాల్లో తల్లులకు వంట క్లాసు మొదలుపెట్టాను. ఎంతో సంతోషంగా వచ్చేవాళ్ళు. ఎవరికీ అప్పగించకుండా వచ్చేశాను. ఆ తర్వాత కూడా కొన్ని బుధవారాలు వాళ్ళు వచ్చి కూర్చున్నారని తెలిసి చాలా రోజులు నిద్రపట్టలేదు.

స్వాహిలీ ఇప్పటి నుంచే మొదలుపెట్టు. క్యాంపులో సోమాలీ, డింకా, అరబిక్, ఇంకా చాలా భాషలున్నా కెన్యా సిబ్బందితోనూ, కాంగో నుంచి వచ్చినవాళ్ళతోనూ స్వాహిలీయే పనికొస్తుంది. కొన్ని మాటలు నీకు చుట్టాల్లా తగులుతాయి. దుకాణాన్ని 'దుకా' అంటారు, కలాన్ని 'కలాము' అంటారు, చపాతీని చపాతీయే అంటారు. గంటల లెక్క మాత్రం జాగ్రత్త. పొద్దున ఏడింటిని వాళ్ళు ఒకటో గంట అంటారు. పొద్దు పొడిచిన దగ్గర నుంచి లెక్క. మా నాయనమ్మ జాముల లెక్క చెప్పేది చూడు, అలాంటిదే. ఇది తెలియక నేను పొద్దున ఎనిమిదింటికి రమ్మందామని 'సా నానే' అన్నాను. నానే అంటే ఎనిమిదే, కానీ ఎనిమిదో గంట అంటే మధ్యాహ్నం రెండు. నడినెత్తిన ఎండలో పసిపిల్లలతో వచ్చారు. నేనేమో పొద్దుటి నుంచీ ఎవరూ రాలేదని విసుక్కుంటూ కూర్చున్నాను.

'పోలె' అనే మాట కూడా నేర్చుకో. ఎదుటివాళ్ళకు కష్టం వచ్చినప్పుడు, కాలు తట్టుకుని పడ్డా, ఇంట్లో మనిషి పోయినా అంటారు. మన 'అయ్యో'కు దగ్గర. తప్పు నీదై ఉండాల్సిన పని లేదు. దాతల దేశాల నుంచి డబ్బు తగ్గినప్పుడల్లా రేషన్ తగ్గుతుంది, జనం వచ్చి నిన్నే అడుగుతారు. సంస్థ తరఫున వాదించకు, సంస్థను తిట్టకు. 'పోలె సానా' అను, తెలిసిన నిజం చెప్పు, వాళ్ళు చెప్పేది చివరిదాకా విను.

ఫొటోల గురించి గట్టిగా చెప్తున్నాను. పిల్లలను చుట్టూ నిలబెట్టుకుని సెల్ఫీ దిగి పెట్టకు. వాళ్ళలో కొందరి నాన్నలను పగతో వెతికేవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. నీ ఫోన్‌లోని ఒక్క ఫొటో ఆ కుటుంబం ఎక్కడుందో చెప్పేస్తుంది. అది పక్కన పెట్టినా, మన పాప నీరసంగా పడుకుని ఉన్నప్పుడు ఎవరో ఫొటో తీసి లోకానికి చూపిస్తే మనం ఊరుకుంటామా?

తుర్కానా వాళ్ళను మర్చిపోకు. ఆ నేల వాళ్ళది. మేకలు, ఒంటెలు మేపుకుని బతికేవాళ్ళు. వానలు పడని ఏడాది వాళ్ళ ఇంట్లోనూ ఆకలే, క్యాంపులోకి మాత్రం రేషన్ లారీలు వస్తుంటాయి. కట్టెలు, బొగ్గు అమ్ముకోవడానికి క్యాంపుకు వస్తారు. వాళ్ళకూ శరణార్థులకూ కలిపి ఉండాలని తర్వాత పక్కనే కలోబెయే అనే కాలనీ కట్టారు. క్లినిక్ లైన్లో తుర్కానా తల్లి కనపడితే ముందు ఆమె భాష తెలిసినవాళ్ళను పిలిపించు.

నీ గురించి కొన్ని మాటలు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకో. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ టీకాల సంస్థ ఐపీఎంలో వేస్తారు. ఆ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకో. తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. మలేరియా మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడు, దోమతెర మానకు. బూట్లు వేసుకునే ముందు దులుపు, తేళ్ళుంటాయి. తరాచ్ ఏరు ఎండిపోయి ఇసుకే కనపడుతుంది, కానీ ఎగువన వాన పడితే ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడతాయి. డ్రైవర్ ఆగుదామంటే ఆగు. ఎంత అర్జెంటైనా ఆగు.

సాయం తీసుకునేవాళ్ళతో సిబ్బంది ఎవరైనా తప్పుగా ప్రవర్తించినట్టు తెలిస్తే, అతను ఎంత పెద్దవాడైనా ఫిర్యాదు చెయ్యి. డబ్బో, పనో, రేషనో ఆశచూపి ఆడవాళ్ళను వాడుకోవడాన్ని ఐక్యరాజ్యసమితి 2003లోనే రాతపూర్వకంగా నిషేధించింది. నీతో అలా ప్రవర్తించినా అంతే. ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్‌తో నోరు మూసుకోకు. నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి రాద్దాం.

నీ ఫ్రెండ్ ఎవరో డబ్బు కట్టి రెండు వారాలు అనాథాశ్రమంలో సేవ చేసే ప్యాకేజీ గురించి అడిగిందన్నావు. వద్దని చెప్పు. అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. వచ్చేవాళ్ళు ఉన్నంతకాలం పిల్లలను అక్కడే ఉంచుతారు. రెండు వారాలకొకరు వచ్చి ఎత్తుకుని ముద్దుచేసి వెళ్ళిపోతుంటే ఆ పసివాళ్ళ మనసు ఏమవుతుంది? ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం దరఖాస్తుకు ఒక్క రూపాయి తీసుకోదు. ఓపికపట్టి అలాంటి చోట ప్రయత్నించమను.

తిండికి ఇబ్బంది ఉండదు. ఉగాలి మన జొన్న సంకటికి చుట్టమే, మొక్కజొన్న పిండితో చేస్తారు. పక్కన సుకుమా వికీ ఆకుకూర. ఇథియోపియా వాళ్ళ హోటళ్ళలో ఇంజెరా తిను, పులిసిన పిండి రుచికి అట్టు గుర్తొస్తుంది. కందిపొడి నేను చేసి ఇస్తాను. మనకూ అక్కడికీ తేడా రెండున్నర గంటలు. అక్కడ రాత్రి ఏడున్నరకు చేస్తే ఇక్కడ పది. మీ అమ్మ అప్పటికి పడుకోదు. రోజూ కాకపోయినా ఆదివారం తప్పకుండా చెయ్యి. అంతా బాగుందనే చెప్పనక్కర్లేదు. బాగాలేని రోజు నాకు చెయ్యి.

వచ్చే ఆదివారం ఇంటికి రా. పక్కింటి అమ్మాయి తన పిల్లవాణ్ణి తీసుకొస్తానంది. నా దగ్గర ఆ పాత టేపు ఇంకా ఉంది, ఏడుస్తున్న బిడ్డకు ఎలా చుట్టాలో చూపిస్తాను.

నీ అత్త