ముందు దారి చూసి రా, సరస్సు ఎక్కడికీ పోదు

చిరంజీవికి ఆశీస్సులు.

చలికాలంలో కొండ మీది సరస్సుకి కొత్త దారి చూడటానికి వెళ్తున్నానని రాశావు. చాలా సంతోషం నాయనా. ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఈసారి నీ పని దారి చూడటం. సరస్సు కనబడకుండానే వెనక్కి వచ్చినా ఆ రోజు వృథా అయినట్టు కాదు.

మంచు పడకముందే ఒకసారి నడిచి రా. వాగు ఎక్కడ దాటాలో, బండలు ఎక్కడున్నాయో అప్పుడే తెలుస్తుంది. అలాగని వేసవి కాలిబాటనే చలికాలంలోనూ పట్టుకోకు. అది చాలాచోట్ల ఏటవాలుకి అడ్డంగా పోతుంది. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే. మ్యాప్‌లో కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) ఒత్తుగా ఉంటే అక్కడ వాలు నిటారు, అలాంటి చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. నువ్వు నడిచే నేల చదునుగా ఉంటే సరిపోదు, నీ తల మీద ఏ వాలు ఉందో కూడా చూడాలి. పైన విరిగింది కిందికే వస్తుంది. ఇరుకు గండిలోంచి వెళ్లేకన్నా వెడల్పాటి గట్టు మీదుగానో, చదునైన అడవిలోంచో వెళ్లు, చుట్టు తిరుగుడైనా సరే. గట్టు అంచున గాలికి మంచు చూరులా బయటికి పేరుకుంటుంది, దాని కింద నేల ఉండదు. అంచుకి బాగా ఎడంగా నడువు.

కాళ్ల కింద మంచు ధుమ్మని కుంగినా, అడుగు పడినచోటి నుంచి బీట పాకినా ఇక ఆలోచించకు, ఆ వాలు వదిలేయ్. బయలుదేరే రోజు పొద్దున మంచు చరియల హెచ్చరిక చూడు. అయిదు స్థాయిల్లో మూడోది మధ్యలో ఉంది కదా అని పర్లేదనుకుంటారు. అది చాలా ప్రమాదకరమైన స్థాయి.

ఒంటరిగా వెళ్లొద్దు. బీకన్ (మంచులో కూరుకుపోయినవాడి జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. పార ఒక్కడి దగ్గరే ఉంటే, కూరుకుపోయేది వాడే కావచ్చు.

టైమ్ లెక్క ఇది: గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. 1892 నాటి లెక్క, మామూలు దారికి. మెత్తటి మంచులో రెండింతలు వేసుకో. వెనక్కి తిరిగే టైమ్ ఇంట్లోనే రాసుకో, అక్కడికెళ్లాక మార్చకు. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకో. చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది.

ఇక సరస్సు. ఒకసారి నేను తొందరపడి వాగు వచ్చి కలిసేచోట మంచు మీద కాలు పెట్టాను. మోకాలిదాకా దిగబడింది. పది నిమిషాల్లో బూటు లేసులు తీగల్లా బిగుసుకుపోయాయి, చేతి తొడుగులు తీసినా ముడి ఊడలేదు. చివరికి కత్తితో కోశాను. మారుజత సాక్స్ ఉన్నాయి కాబట్టి కాలు దక్కింది. వాగు కలిసేచోట, బయటికి పారేచోట, నీళ్లలోంచి రాళ్లు పొడుచుకొచ్చినచోట మంచుగడ్డ పల్చగా ఉంటుంది. పైన మెత్తటి మంచు పరుచుకుంటే దుప్పటి కప్పినట్టే, కింద గడ్డ సరిగ్గా పేరుకోదు. నడవాలంటే పారదర్శకమైన గట్టి గడ్డ కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి, తెల్లగా ఉంటే దానికి రెట్టింపు. ఈసారికి మాత్రం ఒడ్డునే ఆగిపో.

పెన్సిల్ గుర్తులు పెట్టిన మ్యాప్ ఫొటో తీసి బయలుదేరే ముందు నాకు పంపు. తిరిగొచ్చే టైమ్ కూడా దాని మీదే రాయి. ఆ టైమ్ దాకా ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.