బ్లెండర్‌లో సైకిల్స్ రెండర్: జీపీయూ ఎంపిక కాకపోతే, మెమొరీ చాలకపోతే ఎక్కడ చూడాలి

త్రీడీ చిత్రాలు తయారుచేసే బ్లెండర్‌లో, దృశ్యాన్ని చివరి చిత్రంగా మార్చే (రెండర్ చేసే) సైకిల్స్ ఇంజిన్ గురించి మీరు మూడు ఇబ్బందులు చెప్పారు. రెండర్‌ను గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) మీద నడిపే జీపీయూ కంప్యూట్ అనే ఎంపిక మసకగా ఉండి నొక్కడానికి వీలు కాలేదు. అది కుదిరాక మెమొరీ చాలదంటూ రెండర్ ఆగిపోయింది. పూర్తయిన చిన్న చిత్రంలోనేమో తెల్లటి చుక్కలు వచ్చాయి. 6 జీబీ ఎన్విడియా కార్డు, 4కె టెక్స్చర్లతో (వస్తువుల పైన అతికించే చిత్రాలతో) ఇంటి లోపలి దృశ్యం అన్నారు. నేను చేసేదీ ఇళ్ల లోపలి చిత్రాలే కాబట్టి, ఈ మూడూ నాకు తరచూ ఎదురయ్యేవే.

మొదటిది తేలిక. జీపీయూని రెండు చోట్ల ఎంచుకోవాలి. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి, సిస్టమ్ విభాగంలో ఎన్విడియా కార్డులకు ఉద్దేశించిన ఆప్టిక్స్ ఎంచుకుని, కింద కనిపించే మీ కార్డు పేరుకు టిక్ పెట్టండి. ఆ తర్వాతే రెండర్ ప్రాపర్టీస్‌లోని డివైస్ దగ్గర జీపీయూ కంప్యూట్ ఎంచుకునే వీలు కలుగుతుంది. ఏఎండీ కార్డు ఉన్నవారు హిప్, ఇంటెల్ కార్డు ఉన్నవారు వన్‌ఏపీఐ ఎంచుకోవాలి. జాబితాలో కార్డు పేరే లేకపోతే ముందుగా డ్రైవర్‌ను కొత్తది చేయండి. ఇంకో మాట: విండోస్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ వాడకం దాదాపు సున్నా అని కనిపిస్తే కంగారు పడకండి. అక్కడ మామూలుగా కనిపించే గ్రాఫు ‘3డి’ది. దాన్ని ‘కుడా’ లేదా ‘కంప్యూట్’కు మారిస్తే అసలు పని కనిపిస్తుంది.

అసలు చిక్కు మెమొరీదే. డిస్కులో 5 ఎంబీ ఉన్న జేపెగ్ ఫైలు కార్డులోనూ అంతే చోటు తీసుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రెండర్ మొదలవగానే చిత్రం పూర్తిగా విప్పుకుంటుంది. 4096 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు, పిక్సెల్‌కు 4 బైట్లు అంటే 64 ఎంబీ. అలాంటి రంగు చిత్రాలు 50 ఉంటే వాటికే 3 జీబీ దాటిపోతుంది. ఆకృతులకు, తెరకు, విండోస్‌కు కావలసింది దీనికి అదనం. కార్డు నిండితే కొంత భాగం కంప్యూటర్ మెమొరీకి మళ్ళుతుంది, వేగం పడిపోతుంది. అక్కడా సరిపోకపోతే రెండర్ ఆగిపోతుంది.

అందుకని దూరంగా, గోడ మూలన ఉండే వస్తువులకు 4కె వద్దు. రెండర్ ప్రాపర్టీస్‌లోని సింప్లిఫై పెట్టెలో రెండర్‌కు టెక్స్చర్ లిమిట్ 2048 పెడితే ఒక్కో చిత్రం 16 ఎంబీకి తగ్గుతుంది. మామూలు దూరం నుంచి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. తర్వాత ఆకృతిని నున్నగా చేయడానికి దాని ముఖాలను (చిన్న పలకలను) ఇంకా చిన్నవిగా విడగొట్టే సబ్‌డివిజన్ మాడిఫైయర్లు చూడండి. ఒక్కో స్థాయి పెరిగితే ముఖాలు నాలుగింతలవుతాయి. 5,000 ముఖాలున్న సోఫా మూడో స్థాయిలో 3,20,000 అవుతుంది. వ్యూపోర్ట్‌కు (మీరు పని చేసే కిటికీకి) ఒక సంఖ్య, రెండర్‌కు వేరే సంఖ్య ఉంటాయి కాబట్టి, పని చేసేటప్పుడు సాఫీగా కదిలిన దృశ్యం రెండర్ కోసం ఎఫ్12 నొక్కగానే ఆగిపోవచ్చు. రెండర్ విండోలో పైన కనిపించే ‘పీక్’ (అత్యధిక మెమొరీ వాడకం) అంకెను గమనిస్తూ ఒక్కొక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు.

ఇక తెల్ల చుక్కలు. ఈ మధ్య ఒక పూజగది దృశ్యంలో ఇవే నన్ను బాగా వేధించాయి. ఇత్తడి కుందులు, వాటిలో చిన్న చిన్న జ్వాలలు. జ్వాల ఆకృతికే కాంతినిచ్చే మెటీరియల్ ఉంది. అంత చిన్న వెలుగు మెరిసే ఇత్తడి మీద పడి తిరిగి గోడకు తగిలే దారులు సైకిల్స్‌కు అరుదుగా దొరుకుతాయి. దొరికినప్పుడల్లా ఒక పిక్సెల్ మండిపోయినట్టు తెల్లబడుతుంది. శాంపిళ్లు (ఒక్కో పిక్సెల్‌కు వెతికే కాంతి దారుల సంఖ్య) పెంచినా చుక్కలు పోలేదు. జ్వాల కాంతిని బాగా తగ్గించి కంటికి కనిపించేంత మాత్రమే ఉంచాను. గదికి వెలుగివ్వడానికి పక్కనే కాస్త ఎక్కువ రేడియస్ ఉన్న పాయింట్ లైట్ పెట్టాను. రెండర్ ప్రాపర్టీస్‌లోని లైట్ పాత్స్‌లో రెండు కాస్టిక్స్‌నూ (మెరిసే వస్తువులు, గాజు వల్ల ఒకచోట పోగయ్యే వెలుగును) తీసేసి, తగిలి తిరిగొచ్చే వెలుగుకు గరిష్ఠ పరిమితి పెట్టే ఇన్‌డైరెక్ట్ క్లాంప్‌ను 10 నుంచి 3కు దించాను. చుక్కలు దాదాపు పోయాయి, మిగిలిన గరుకును దాన్ని తుడిచేసే డీనాయిజర్ చూసుకుంది. క్లాంప్‌ను మరీ కిందికి దించకండి, గది వెలుగే చచ్చిపోతుంది.

ఇన్ని చేసినా ఆగిపోతుంటే, విండో మెనూలో సిస్టమ్ కన్సోల్ తెరిచి రెండర్ నొక్కండి. అక్కడ మొట్టమొదట వచ్చే ఎర్రర్ వాక్యాన్ని, మీ బ్లెండర్ వెర్షన్‌ను ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.