భవిత సెంటర్‌లో చేరే ముందు, బిడ్డా

నువ్వు పరకాలలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత సెంటర్‌లో రిసోర్స్ పర్సన్‌గా చేరుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. సంబురమైంది, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు ఇదే పని చేసి, నా తప్పు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదా.

ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ గడువు చూసుకో. ఐఈపీ, అదే ఒక్కో పిల్లకు విడిగా వేసే చదువు ప్లాన్, రాసేటప్పుడు తల్లిని పక్కన కూర్చోబెట్టుకో. ఎవరో టీచర్ సెలవు పెట్టారని హెడ్మాస్టర్ నిన్ను మూడో తరగతికి పంపితే, మొదటిరోజే "మరి నా పిల్లల్ని ఎవరు చూస్తారు సార్" అను, నీకు అసలే మొహమాటం ఎక్కువ. హోం విజిట్‌కు పోకుండా పోయినట్టు సంతకం పెట్టావని తెలిసిందో, మా గడప తొక్కకు.

ఇక అసలు సంగతి. వికలాంగుల ఆసరా పింఛను నెలకు 1,500 ఉన్న రోజులు. నా దగ్గర తొమ్మిదేళ్ల పిల్లగాడు, బుద్ధి ఎదుగుదల తక్కువ. నా గొంతు మీద చెయ్యి పెట్టి ఆ అదురు పట్టుకుని, తన పేరు చెప్పడానికి ఏడు నెలలు పట్టింది. అంతలో వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు వచ్చింది. తండ్రి లేడు, తల్లి పత్తి ఏరే కూలికి పోతుంది, 40 శాతం రాకుంటే పింఛను లేదు. వరుసలో ఆమె వాడి చెవిలో "ఏమడిగినా మాట్లాడకు బిడ్డా" అని నా దిక్కు చూసింది. నేను తల ఊపాను. నోటితో ఏమీ అనలేదు కాబట్టి చాన్నాళ్లు అది తప్పే కాదనుకున్నాను.

డాక్టర్ పేరడిగారు. వాడు నన్ను చూశాడు. నేను వాడి చెప్పులు చూస్తూ నిలబడ్డాను.

పింఛను వచ్చింది, సంక్రాంతికి ఆ తల్లి సకినాలు తెచ్చింది. పిల్లగాడు మాత్రం ఆ తర్వాత ఎవరు పేరడిగినా పెదవులు బిగించి, చెప్పాలా వద్దా అన్నట్టు నా మొహం చూసేవాడు. మళ్లీ పలికించలేకపోయాను.

పేరు చెప్పినంత మాత్రాన శాతం పడిపోదు, ఐక్యూ పరీక్ష వేరే ఉంటుంది. అది ఆమెకు తెలియదు, నాకు తెలుసు. ఒకవేళ రాకపోతే నన్నే తిడుతుందని నోరు మూసుకున్నాను.

నువ్వు క్యాంపుకు వారం ముందే తల్లుల ఇళ్లకు పోయి, ఏం చూస్తారో చెప్పు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 18 ఏళ్ల దాకా ఉచిత చదువుకూ ఆ 40 శాతమే లెక్క అని కూడా చెప్పు. పింఛను కోసం ఆరాటపడే తల్లిని తక్కువగా చూడకు, ఒకరోజు కూలి పోగొట్టుకునే కదా పిల్లాణ్ణి నీ దగ్గరికి తెచ్చేది.

జీతం ఆలస్యమైతే మీ అమ్మకు చెప్పకు, టెన్షన్ పడుతుంది, నాకు ఫోన్ చెయ్. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నీకు తలనొప్పి వస్తుంది, చున్నీ కట్టుకో.

మీ పెద్దమ్మ