ముడిచమురు 'రెట్లు' తగ్గుతుందా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, బడిలో చదివిందంతా ఒడియా. మా అబ్బాయి కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒక రిగ్గు మీద పనిచేస్తున్నాడు. వాడు చెప్పిన సంగతులతో మా ఊరి తెలుగు సంఘం సంచికకి వ్యాసం రాస్తూ, 'భూగర్భంలోని ముడిచమురు ఒత్తిడి తగ్గేకొద్దీ ఇంకుతూ, పైకి వచ్చేసరికి 1.3 రెట్లు తగ్గుతుంది' అన్నాను. అలా అనకూడదు, '30 శాతం తగ్గుతుంది' అనాలని ఒక మిత్రుడు పట్టుబట్టాడు. ఏది ఒప్పు? 'బ్యారెల్లు' అనాలా, 'బ్యారెళ్లు' అనాలా?

సమాధానం: మీ మిత్రుడు సగమే నెగ్గాడు. రెట్లు తగ్గడం తప్పు, నిజమే. ఆయన చెప్పిన 30 శాతం కూడా తప్పే.

రెట్టింపు, రెట్టించడం, రెండు రెట్లు... ఈ మాటల కుటుంబమంతా పెరిగే వైపే ఉంటుంది. రెట్టించి అడిగాడంటే మళ్లీ గట్టిగా అడిగాడనే గాని గొంతు తగ్గించాడని కాదు. మీరు బడిలో నేర్చుకున్న ఒడియా 'దుయి గుణ' కూడా ఇలాంటిదే. 'ధర మూడు రెట్లు తగ్గింది' అని పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. ఒక్క రెట్టు తగ్గితేనే ధర సున్నా అయిపోతుంది. మిగతా రెండు రెట్లు ఎవరి జేబులోంచి తగ్గాయో రాసినవాళ్లే చెప్పాలి.

ఇక శాతం సంగతి. మీ అబ్బాయి చెప్పిన 1.3కి అర్థం, పైన ట్యాంకులో ఒక బ్యారెల్ చమురు చేరాలంటే లోపలి రాతి పొరలో అది 1.3 బ్యారెళ్ల చోటు ఆక్రమించి ఉంటుందని. లోపల 1,000 బ్యారెళ్లు ఉంటే పైన సుమారు 769 మిగులుతాయి. తగ్గింది 231, అంటే 23 శాతం. మీ మిత్రుడి లెక్కన 700 మిగలాలి. తేడా 69 బ్యారెళ్లు. బ్యారెల్‌కి 159 లీటర్ల చొప్పున దాదాపు 11 వేల లీటర్లు, ఒక మోస్తరు ట్యాంకర్ లారీ నిండేంత! ఆయన 30 శాతం కూడా ఎక్కడినుంచో ఊడిపడలేదు. 'పైన ఉన్నదాని కన్నా లోపల 30 శాతం ఎక్కువ' అంటే ఒప్పే. 'లోపల ఉన్నదానిలో 23 శాతం తగ్గింది' అన్నా ఒప్పే. ఏ దానిలో, ఏ దానికన్నా అన్నది వదిలేసి ఉత్తి శాతం రాస్తేనే గొడవ.

'ఇంకుతూ' మాత్రం కొట్టేయండి. నీళ్లు నేలలోకి ఇంకుతాయి. మీ చమురు నేలలోంచి పైకి వస్తోంది! అసలు జరిగేది వేరు. లోపలి ఒత్తిడికి గ్యాస్ చమురులో కరిగి ఉంటుంది. పైకి తెచ్చేటప్పుడు ఒత్తిడి పడిపోయి ఆ గ్యాస్ విడిపోతుంది, మిగిలిన చమురు తగ్గి చిక్కబడుతుంది. వేడి తగ్గడం వల్ల కూడా కొంత తగ్గుతుంది గాని ప్రధాన కారణం గ్యాసే. పులుసు ఇగిరినట్టు అందామా అనిపిస్తుంది. కానీ ఇగరడానికి పొయ్యి కావాలి, ఇక్కడ వేడి పెరగదు సరికదా తగ్గుతుంది. 'కుంచించుకుపోతుంది' అనండి, చాలు. 'తరుగు' నాకు ఇష్టమైన మాటే గాని, అందులో పోయింది పోయినట్టే. ఇక్కడ విడిపోయిన గ్యాస్‌ని విడిగా పట్టుకోవచ్చు.

మీరు అడగకపోయినా, నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచింది మీ 'తగ్గేకొద్దీ'. 'కొద్దీ' అంటే అడుగడుగునా అదే వరస అని. చమురు అలా నడవదు. లోపల ఇంకా గ్యాస్‌ని కరిగించుకోగల చమురైతే, ఒత్తిడి తగ్గేకొద్దీ మొదట అది కొంచెం ఉబ్బుతుంది. మొదటి గ్యాస్ బుడగ పుట్టే ఒత్తిడి దాకా అంతే. అది దాటాకే కుంచించుకోవడం మొదలవుతుంది. కాబట్టి 'కొద్దీ' తీసేసి, చివరికి తేలినదాన్ని మాత్రమే చెప్పే మీ 'వచ్చేసరికి'ని ఉంచండి.

'రెట్లు' మీద అంత మోజుంటే గ్యాస్ గురించి రాసేటప్పుడు వాడుకోండి. రెండున్నర కిలోమీటర్ల లోతున ఉన్న గ్యాస్ పైకి వచ్చేసరికి సుమారు 200 రెట్లు అవుతుంది. అక్కడ ఆ మాట చక్కగా సరిపోతుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: 'భూగర్భంలో 1.3 బ్యారెళ్ల చోటు పట్టే ముడిచమురు, అందులో కరిగిన గ్యాస్ విడిపోవడం వల్ల, పైకి వచ్చేసరికి ఒక బ్యారెల్ అవుతుంది.' అన్ని బావులకూ 1.3 రాదని కూడా ఒక ముక్క చేర్చండి. గ్యాస్ బాగా తక్కువున్న బరువు చమురుకి అది ఒకటికి దగ్గరగా ఉంటుంది, గ్యాస్ విపరీతంగా ఉన్న తేలిక చమురుకి రెండు దాటొచ్చు. 'పైన' అంటే మీ ఊరి మే నెల ఎండ కూడా కాదు. 15.6 డిగ్రీల సెల్సియస్‌కి, మామూలు గాలి ఒత్తిడికి సరిచేసిన కొలత అది.

'బ్యారెళ్లు' సరైనది, హోటల్ హోటళ్లయినట్టే. 'పీపాలు' అన్నా అర్థమవుతుంది గాని, 159 లీటర్ల కొలత అని తెలియాలంటే బ్యారెలే మేలు.