మొదటి టోర్నమెంటులో ఓడినా ఆట అయిపోదు

తమ్ముడూ, ఆదివారం తిరుపతిలో నీ మొదటి ర్యాపిడ్ చెస్ (ఒక్కో గేమ్‌కి తక్కువ టైం ఉండే ఆట) టోర్నమెంట్, మొదటి రౌండులోనే రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) ఉన్నవాళ్ళతో పడి ఓడిపోతే చిత్తూరు నుంచి వచ్చింది దండగేనా అని అడిగావు కదా, కానే కాదు. ఇవి మామూలుగా స్విస్ పద్ధతిలో జరుగుతాయి, ఓడినా అన్ని రౌండ్లూ ఆడతావు, తర్వాత దాదాపు నీకున్నన్ని పాయింట్లే ఉన్నవాళ్ళు ఎదురుగా కూర్చుంటారు. రేటింగ్ లేనివాళ్ళని జాబితాలో కింద పెడతారు కాబట్టి మొదటి గేమ్ గట్టివాళ్ళతో పడటం మామూలే, టెన్షన్ పడకు.

నిజంగా కొంప ముంచేది ఇంటి అలవాటు. ఆడాలని పావును ముట్టుకుంటే దాన్నే ఆడాలి, వెనక్కి తీసుకోవడం ఉండదు. క్యాస్లింగ్ (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరపడం) చేసేటప్పుడు మొదట రాజును రెండు గళ్ళు జరుపు, తర్వాతే ఏనుగు, రెండూ ఒకే చేత్తో. ఎత్తు వేసిన చేత్తోనే ఇద్దరి టైం లెక్కపెట్టే గడియారం నొక్కాలి, శనివారం రాత్రి గడియారం పెట్టుకుని నాలుగు గేములు ఆడి చూడు, ఇది చదివితే వచ్చేది కాదు.

గొడవొస్తే ఎదుటివాళ్ళతో వాదించకు, గడియారం ఆపి ఆర్బిటర్‌ని (ఆట తీర్పరిని) పిలువు. ఫోన్ మాత్రం స్విచాఫ్ చేసి మీ నాన్నకి ఇచ్చేయ్, హాల్లో అది మోగితే గేమే పోవచ్చు.