లెక్క రాయని అప్పు

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. నాకు 32 ఏళ్లు. ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. చేరి ఐదేళ్ల నాలుగు నెలలైంది. మిర్చి వేసే కౌలు రైతుల అప్పుల మీద నా పరిశోధన. ప్రత్తిపాడు, మేడికొండూరు మండలాల్లో 240 మంది రైతులను కలిసి వివరాలు రాసుకున్నాను. చెల్లి సాయంతో డేటా ఎంట్రీ కూడా అయిపోయింది. నాలుగో చాప్టర్ ఇచ్చి నాలుగు నెలలైనా మా గైడ్ చదవలేదు. క్యాంటీన్ దగ్గర తోటి స్కాలర్లు తలా ఒక మాట చెబుతున్నారు. గైడ్‌ని మార్చుకోమని ఒకరు, మానేసి గ్రూప్-2కి చదువుకోమని ఒకరు, డబ్బిస్తే థీసిస్ రాసిపెట్టేవాళ్లు ఉన్నారని ఇంకొకరు. నాకు ఫెలోషిప్ లేదు. లెక్చరర్ పోస్టుకి అర్హత పరీక్ష ఏపీసెట్ పాసయ్యాను. డిగ్రీ కాలేజీలో గెస్ట్‌గా పాఠాలు చెప్పేవాణ్ని. జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకు నెలనెలా వచ్చే కేంద్ర ఫెలోషిప్) ఉన్న సీనియర్ ఒకాయన ‘థీసిస్ మీదే కూర్చో’ అంటే 26 నెలల క్రితం మానేశాను. అప్పట్నుంచి, రోజూ బస్సులో విజయవాడ వెళ్లి ప్రైవేటు బ్యాంకులో పనిచేసే మా చెల్లి తన 24 వేల జీతంలోంచి నెలకు 9 వేలు ఇస్తోంది. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. ఆయనకు ఈ సంగతి తెలీదు. చెల్లికి మంచి సంబంధం వస్తే ఎందుకో ఇప్పుడే వద్దంటోంది, ఇంట్లో అదొక టెన్షన్. నేను ఎవరి మాట వినాలి?

జవాబు: అడిగిన దానికి ముందు చెప్పేస్తాను. దానికి పెద్దగా సమయం అక్కర్లేదు.

గైడ్‌ని మార్చకండి. ఐదేళ్లు దాటాక గైడ్‌ని మార్చడమంటే కోతకొచ్చిన మిరపతోటని దున్నేసి మళ్లీ నారు పోసుకోవడమే. ఆరేళ్ల గడువులో మీకు మిగిలింది ఎనిమిది నెలలు, ఆ పైన రీ-రిజిస్ట్రేషన్ కోసం తిరగాలి. ఆ చాప్టర్ మళ్లీ ప్రింటు తీయండి. అందులో ఏం తేల్చారో ఒక్క పేజీలో రాసి పైన పెట్టండి. ఎనభై పేజీలు చదవని మనిషి ఒక పేజీ చదువుతాడు. ఆయన తీరిగ్గా ఉండే పూట కనుక్కుని ఎదురుగా కూర్చోండి. ఆ సాయంత్రమే ‘ఫలానా తేదీన ఇచ్చాను, ఫలానా తేదీకి చూస్తానన్నారు’ అని మెయిల్ పెట్టండి. అప్పటికీ కదలకపోతే ఆరు నెలలకోసారి కూర్చునే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ఆ తేదీలు మర్యాదగా చదవండి. అరవాల్సిన పని లేదు, తేదీలు చాలు.

డబ్బులిచ్చి రాయించుకునే మాట మళ్లీ ఎత్తకండి. థీసిస్‌కి ఇతరుల రాతలతో పోలిక 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు చేయొచ్చని 2018 నుంచి యూనివర్సిటీలను చూసే యూజీసీ నిబంధన ఉంది. అంతకన్నా ముందు, 240 మంది రైతులు కోత పని ఆపుకుని, కళ్లంలో నిలబడి మీకు తమ అప్పులు చెప్పుకున్నారు. ఆ కాగితాలు తీసుకెళ్లి బజార్లో ఎవడి చేతిలోనో పెడతారా? గ్రూప్-2 అన్న మిత్రుడు బహుశా తనే రాద్దామనుకుంటున్నాడు, తోడు కావాలి కాబోలు.

ఇంతే మీ ప్రశ్న. ఇక అడగని దాని దగ్గరకి వస్తాను.

క్యాంటీన్ బెంచీ మీద దొరికే సలహాల్లో అబద్ధం ఉండదు, కాకపోతే ఎవరి సలహా వాళ్ల ఇంటి కొలతలకు కుట్టిన చొక్కా. ‘థీసిస్ మీదే కూర్చో’ అన్న మీ సీనియర్‌ని నేను తప్పుబట్టను. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకి 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, రెండేళ్లు గడిచి సీనియర్ ఫెలో అయితే 42 వేలు వస్తాయి. పైన ఇంటద్దె వేరే. అలాంటి మనిషి వేరే పని పెట్టుకోకపోవడమే ధర్మం. ఆయన ఒంటికి సరిపోయిన చొక్కా మీరు తొడుక్కున్నారు. ఆయన్ని కూర్చోబెట్టింది ఢిల్లీ నుంచి వచ్చే డబ్బు. మిమ్మల్ని కూర్చోబెట్టింది పొద్దున్నే గుంటూరులో బస్సెక్కి చీకటి పడ్డాక దిగే ఒక ఆడపిల్ల.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘ఎందుకో’. చెల్లి ‘ఎందుకో’ వద్దంటోందని రాశారు. నాయనా, పల్లెల్లో తిరిగి కౌలు రైతుని ఏమడిగారు మీరు? అప్పు ఎవరి దగ్గర తెచ్చావు, వడ్డీ ఎంత, కాగితం ఉందా, పంట అతని కొట్టుకే వెయ్యాలని షరతు పెట్టాడా, ఇంట్లో ఆడవాళ్ల పుస్తెలు ఎక్కడున్నాయి. ఇవన్నీ 240 మంది చేత చెప్పించారు. ఇంట్లో ఒక్క మనిషిని ‘ఎందుకు వద్దంటున్నావమ్మా’ అని అడగలేకపోయారు.

నేను కాగితం మీద లెక్క కట్టాను. నెలకు 9 వేల చొప్పున 26 నెలలకు 2 లక్షల 34 వేలు. మీరు ఎక్కడా కూడి చూసుకున్నట్టు లేదు. అందులో చెల్లి ఆదివారాలు కలపలేదు. ‘చెల్లి సాయంతో డేటా ఎంట్రీ’ అని అరముక్కలో తేల్చేశారు. ఒక్కో రైతుకి ఎన్ని పేజీలు? బ్యాంకులో వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చిన పిల్ల ఆదివారం మీ ఎక్సెల్ షీటు ముందు కూర్చుంది. ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టారా, లేక కట్టలు ఆమె ముందు పడేసి మీరు టీకి వెళ్లారా? కోపం తెచ్చుకోకండి, అడగాల్సిన ప్రశ్నే.

బ్యాంకు అప్పుకి పనికొచ్చే కౌలు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలని, అది పెట్టక ఎంతమందికి కార్డు రాలేదో మీకు నాకంటే బాగా తెలుసు. సాగు చేసేది ఒకరు, పాసుపుస్తకంలో పేరు ఇంకొకరిది. మీ ఇంట్లో కూడా అదే జరుగుతోంది. ‘మావాడు డాక్టరేట్ చేస్తున్నాడు’ అని మీ నాన్నగారు వీధిలో చెప్పుకునేటప్పుడు ఆ పిల్ల పేరు ఎక్కడైనా వస్తోందా?

సంబంధం ఆమె మీకోసమే వద్దంటోందని నేను ఒట్టేసి చెప్పలేను. అబ్బాయి నచ్చకపోయి ఉండొచ్చు, మనసులో ఇంకెవరైనా ఉండొచ్చు, ఇప్పట్లో పెళ్లే వద్దనుకుని ఉండొచ్చు. వాటిలో ఏదైనా ఆమె హక్కు. కానీ ‘నేను వెళ్లిపోతే అన్నయ్యకి ఎవరిస్తారు’ అన్న లెక్క ఒక్కటి మధ్యలో ఉన్నంతకాలం అసలు కారణం ఆమెకే సరిగ్గా తెలీదు. ఆ డబ్బు అడ్డు తీయాల్సింది మీరు.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా చిన్నన్నయ్య లా చదువుకి పెద్దక్క గాజులు రెండుసార్లు కుదువకి వెళ్లాయి. రెండోసారి వెళ్లినవి తిరిగి రాలేదు. అన్నయ్య మంచివాడే, కానీ ఈ మధ్య పెళ్లిలో ఆ మాట వస్తే ‘ఏ గాజులు?’ అన్నాడు. అక్క నవ్వేసి వడ్డన చూడ్డానికి లోపలికి వెళ్లింది. ఇలాంటి అన్నల మీద నాకు కాస్త కోపం ఎక్కువే, అది మీ జవాబులో పడి ఉంటే పడనివ్వండి.

పీహెచ్‌డీ మానేయమనడం లేదు. పూర్తి చేయండి, మీ సొంత తిండి తింటూ చేయండి. సెట్ పాసైన మనిషి చేతులు ముడుచుకుని కూర్చోవడం ఏమిటి? 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి నెట్, సెట్ లాంటివి కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. నోటిఫికేషన్ పడితే ఈ రోజే అప్లై చేయగలరు. ఈలోపు గెస్ట్ క్లాసులు మళ్లీ పట్టుకోండి, దొరక్కపోతే ఇంటర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పండి. మధ్యాహ్నం దాకా పాఠాలు, తెల్లవారుజామున రెండు గంటలు రాత. పనిలేకుండా రోజంతా ఇంట్లో ఉన్న 26 నెలల్లో గైడ్ చేతిలో పెట్టింది నాలుగో చాప్టర్ దాకానేగా? పనిలో పడితే ఇంతకంటే తగ్గదు.

నాన్నగారికి చెప్పడం కూడా మీ పనే, చెల్లితో చెప్పించకండి. టికెట్ల లెక్కలో తేడా వస్తే జేబులోంచి వేసి సంచి అప్పగించి ఇంటికొచ్చిన మనిషాయన. రెండు రోజులు మాట్లాడరు, మూడో రోజు ‘ఎంతైంది?’ అని అడుగుతారు. అప్పుడు చెప్పడానికి ఆ మొత్తం ఒక నోటుబుక్కులో నెలవారీగా రాసి ఉంచండి. వడ్డీ వద్దని చెల్లి అంటుంది. అసలు వద్దని కూడా అంటుంది. మీరు మాత్రం రాయండి.

రేపు సాయంత్రం ఎన్టీఆర్ బస్టాండ్‌కి వెళ్లండి. ఇంటికొచ్చాక అడిగితే అమ్మ వింటుందని మాట దాటేస్తుంది. బండి మీద ఎక్కించుకుని నేరుగా ఇంటికి తీసుకెళ్లకుండా దారిలో ఎక్కడైనా ఆపి అడగండి. వచ్చే నెల నుంచి ఫోన్‌పే చెయ్యొద్దని ముందు చెప్పి, తర్వాత అడగండి, తారుమారు చేయకండి. ఆ వచ్చిన సంబంధం ఏ ఊరిదో, అబ్బాయి ఏం చేస్తాడో మీరు నాకు రాయలేదు. మీకూ తెలీదేమో. అదీ అడగండి.